కాళ్లు లేని నలికిరి ఉండే దీవికి

శుక్రవారం

ఒడిశాలోని చిలిక సరస్సుకి వెళ్తున్నామంటే అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. డాల్ఫిన్లు కనిపిస్తాయా, పక్షులు వచ్చేశాయా అని. నేనూ మా మేనల్లుడూ వెళ్తున్నది మాత్రం ఒక నలికిరి కోసం. అది కంటపడే అవకాశం దాదాపు లేదని తెలిసే బయల్దేరాం. అది బతికే నేలని చూసి రావాలన్నదే మా కోరిక.

దాని శాస్త్రీయ నామం బర్కుడియా ఇన్సులారిస్. నలికిరే అయినా కాళ్లు లేవు. నున్నటి పొలుసులు, చిన్న కళ్లు, పొడుగాటి గుండ్రటి ఒళ్లు. బతుకంతా మట్టిలోపలే. చిలిక సరస్సు దక్షిణపు కొసన, రంభ ఊరికి ఎదురుగా, బర్కుడా అనే చిన్న దీవి ఉంది. 1917లో నెల్సన్ అనండేల్ ఈ జీవి గురించి మొదటిసారి రాసినప్పుడు, దీన్ని అప్పటికి తెలిసిన ఏ ప్రజాతిలోనూ, అంటే దగ్గరి జాతుల ఏ గుంపులోనూ, చేర్చలేక కొత్త ప్రజాతినే ఏర్పాటు చేసి దానికి ఆ దీవి పేరు పెట్టాడు. ఇన్సులారిస్ అంటే దీవిది అని. అప్పటికి ఏడాది ముందే, 1916లో, భారత జంతు సర్వేక్షణ సంస్థ కలకత్తాలో ఏర్పడింది. దానికి మొదటి డైరెక్టర్ ఆయనే. చిలిక నీళ్లలో ఉండే జీవుల మీద తన సహచరుడు స్టాన్లీ కెంప్‌తో కలిసి పెద్ద సర్వే చేశాడు. అంత పెద్ద సరస్సు చేతిలో పెట్టుకుని కూడా ఈ చిన్న దీవి మీద ప్రత్యేకంగా మనసు పెట్టాడు. ఇక్కడి సాలెపురుగుల దగ్గర్నుంచి చెట్ల దాకా తన సహచరుల చేత కూడా రాయించాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అందుకే. ఏనుగులూ పులులూ ఉన్న దేశంలో ఒక దీవి మట్టిని అంత ఓపికగా చూసినవాళ్లు తక్కువ.

పొద్దున విశాఖలో రైలెక్కాం. పలాసలో జీడిపప్పు పొట్లాలు, సోంపేట, ఇచ్ఛాపురం, ఆ తర్వాత ఒడిశా. బరంపురంలో దిగి బస్సు పట్టుకున్నాం. ఛత్రపురం దాటి, గంజాం దగ్గర రుషికుల్య వంతెన దాటాక కుడివైపు హుమ్మ ఉప్పు మడులు మొదలయ్యాయి. ఎడమవైపు కొండలు రోడ్డు మీదకి వచ్చేస్తాయి. ఈ గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. బస్సులో మా వెనక సీటువాళ్లు ఒడియాలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చి మళ్లీ ఒడియాలోకి వెళ్లిపోయారు. ఈ దారిలో అది మామూలే.

రంభలో దిగేసరికి సాయంత్రం. గది కిటికీలోంచే సరస్సు కనిపించింది. భోజనానికి వెళ్తే చేపా లేదు, రొయ్యా లేదు. కార్తీక పౌర్ణమితో ముగిసే ఐదు రోజులు, పంచుక అంటారు, ఒడిశాలో నీచు ముట్టరు. ఆ రోజుల్లో కొంగ కూడా చేపని తాకదని ఇక్కడివాళ్ల మాట. రంభ అంటేనే పీతలూ రొయ్యలూ. అలాంటి ఊళ్లో దాల్మా, అన్నం, వంకాయ వేపుడు తిని పడుకున్నాం. దాల్మా బాగుంది. పప్పులో పచ్చి అరటికాయ, బొప్పాయి ముక్కలు, పైన వేయించిన జీలకర్ర పొడి.

శనివారం

రేవు దగ్గర పడవ మాట్లాడుకుంటుంటే వెనకనుంచి తెలుగు వినిపించింది. అరవై దాటిన మనిషి, తలకి తువ్వాలు. వాళ్లు నోలియాలు. తాతల కాలంలో మన తీరం నుంచి వలస వచ్చిన జాలర్లు. ఇప్పటికీ ఇంట్లో మాట్లాడేది తెలుగే.

"ఏటి బాబూ, హనీమూన్ దీవికా?" అన్నాడు.

టూరిస్టులకి బర్కుడా పేరు అదే మరి. బోర్డుల మీదా అదే ఉంటుంది. అవునని, అక్కడుండే ఒక నలికిరి గురించి వచ్చామని చెప్పాను. కాళ్లుండవన్నాను.

"అయితే పామే గదా."

"కాదు బాబాయ్. పాముకి రెప్పలుండవు. దీనికుంటాయి. తోక తెగినా బతుకుతుంది."

కాసేపు ఆలోచించాడు. "నానైతే సూడలేదు. మా అయ్య మట్టి తవ్వినప్పుడు ఒకపాలి సూసినానని సెప్పేవోడు. పామనుకుని కొట్టేసినాడు గావాల." ఆ మాట వినగానే మా వాడి మొహం వాడిపోయింది. ఆయనేమీ దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. నిజానికి దేశమంతటా కాళ్లు లేని బల్లి జాతి జీవులకి జరుగుతున్నది ఇదే. కాళ్లున్న మామూలు నలికిరికే విషం ఉందని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు. దానికి విషం లేదు, మన దేశంలో ఏ నలికిరికీ లేదు. కాళ్లు కూడా లేకపోతే ఇక కర్ర అందుకోవడమే.

రేవు నుంచి దీవి ఓ ఐదు కిలోమీటర్లుంటుంది. ఇంజన్ పడవలో వెళ్తుంటే దారిలో ఘంటశిల కొండ, ఆ పక్కన నీళ్ల మధ్య ఒక రాతిగుట్ట మీద శంకు ఆకారంలో స్తంభం. గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ అనే తెల్లదొర పైన దీపం పెట్టడానికి కట్టించాడట. రంభలో ఒడ్డున ఉన్న పెద్ద మేడా ఆయన కట్టించిందే, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో. తర్వాత ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. ఒడియావాళ్లంతా ఒక రాష్ట్రంగా ఉండాలన్న ఆలోచనకి 1903లో ఆ మేడలోనే తొలి సమావేశం జరిగిందని చెబుతారు.

బర్కుడా దగ్గరికి వచ్చేసరికి నీళ్లు తేటబడ్డాయి. అడుగున ఎర్రటి నాచు, పచ్చటి నాచు, మధ్యలో రాళ్లు. బాబాయ్ ఇంజన్ ఆపి గెడతో తోశాడు. ఈ దక్షిణపు దీవులు ఇసుక మేటలు కావు, రాతి దీవులు. తూర్పు కనుమల కొండల కొసలు నీళ్ల మధ్య మిగిలిపోయినవి. వేల ఏళ్ల కిందట ఇదంతా బంగాళాఖాతంలో భాగం. తర్వాత ఇసుక తిన్నె అడ్డంగా పెరిగి సరస్సయింది. అంటే బర్కుడా మట్టి అటు కొండల మట్టికి చుట్టమే. నలికిరి ఈదుకుంటూ దీవికి వచ్చి ఉంటుందని నేననుకోను. అది ఉన్నచోటే ఉంది, చుట్టూ నీళ్లు చేరాయి. ఇది నా ఊహే గానీ ఆ కొండల్ని, దీవిని ఒకే చూపులో చూసినవాళ్లకి మరోలా తోచదు.

దీవి ఎక్కగానే ముందు కనిపించింది మూడు రాళ్ల పొయ్యి. మసిబారిన రాళ్లు, థర్మాకోల్ పళ్లేలు, సీసాలు. ఆ చుట్టూ నాలుగైదు బారల మేర నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. పిక్నిక్‌కి వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఎండుటాకులన్నీ పక్కకి తోసేసి, అవే పొయ్యిలోకి వాడుకున్నారు. నేల గట్టిపడి తెల్లగా మెరుస్తోంది.

అక్కణ్నుంచి పొదలు తప్పించుకుంటూ ఓ యాభై అడుగులు లోపలికి వెళ్తే మరో లోకం. మర్రి ఊడలు, నీడ, కాలు పెడితే చీలమండ దాకా దిగబడే ఆకుల మెత్త. మేమిద్దరం ఒక మర్రి మొదట్లో బోర్లా పడుకున్నాం. పై ఆకులు ఇంకా ఆకులే, ఈనెలతో సహా. ఒక అంగుళం కిందికి వెళ్లేసరికి అవి నల్లబడి ముక్కలయ్యాయి. ఇంకో అంగుళం కింద ఏది ఆకో ఏది మట్టో చెప్పలేం. కార్తీకం కదా, వానలు వెళ్లి ఎక్కువ రోజులు కాలేదు, లోపల చల్లగా తడిగా ఉంది. ఊడ మీద చెదలు కట్టుకున్న మట్టి గొట్టాలు, వేళ్ల సందున పొడి మట్టిలో చీమల కోసం కాచుక్కూర్చున్న పురుగులు చేసుకున్న చిన్న గుంటలు. చెదలు, చీమ గుడ్లు, మట్టిలో పెరిగే రకరకాల లార్వాలు. నేలలో తిరిగే నలికిరులకి తిండి ఇవే. ఎక్కడ ఇది వదులుగా, తడిగా, జీవాలతో నిండి ఉంటే అక్కడే అది ఉండగలదు.

కాళ్లు ఎందుకు పోయాయో ఆ మట్టిలో వేలు పెట్టి చూస్తేనే అర్థమైంది. చెట్ల వేర్ల సందుల్లో, కుళ్లిన ఆకుల పొరల్లో కదలాలంటే కాళ్లు అడ్డం. ఒళ్లు పొడుగ్గా, తల మొద్దుగా, పొలుసులు జారేటట్టు నున్నగా ఉంటే చాలు, మట్టిని తోసుకుంటూ పోవచ్చు. నలికిరుల కుటుంబంలో ఈ మార్పు ఒక్కసారి కాదు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వేర్వేరు చోట్ల ఎన్నోసార్లు జరిగింది. శ్రీలంక అడవుల్లో నెస్సియా అనే ప్రజాతి ఉంది, ఆ దీవిలో తప్ప ఎక్కడా లేదు. వాటిలో కొన్నిటికి చిన్న చిన్న కాళ్లు మిగిలాయి, కొన్నిటికి అవీ లేవు.

"మావయ్యా, ఒక్కచోట తవ్వి చూద్దామా? మళ్లీ మూసేద్దాం," అన్నాడు మా వాడు. డిగ్రీలో జువాలజీ చదువుతున్నాడు, ఆ ఆత్రం సహజం.

"వద్దురా. మూస్తే మూసినట్టు ఉండదు. ఈ పొరలు ఇలా పేరుకోవడానికి ఏళ్లు పట్టుంటుంది."

శాస్త్రవేత్తలు అనుమతి తీసుకుని, పద్ధతి ప్రకారం వెతకడం వేరు. మనలాంటివాళ్లు తలా ఒక గుంట తవ్వితే చూడ్డానికి వచ్చిన జీవికే ఇల్లు లేకుండా పోతుంది. వాడు ఒప్పుకున్నాడు. తవ్వకుండా, ఊరికే చూస్తూ ఎంతసేపు ఉండగలమో ఉన్నాం. ఒక మామూలు నలికిరి వచ్చింది. కంచు రంగు వీపు, నాలుగు బుల్లి కాళ్లు. ఆకుల మీద చప్పుడు చేస్తూ పరుగెత్తి, ఆగి, మమ్మల్ని చూసి, దూరిపోయింది. పరుగు వేగంలో దాని కాళ్లు కనపడనే లేదు. కొంచెం కొంచెంగా కాళ్లు లేకుండా ఎలా సరిపెట్టుకుంటాయో అని మా వాడు అడుగుతున్న ప్రశ్నకి సగం జవాబు అదే ఇచ్చింది.

మధ్యాహ్నం దాటాక పడవ దగ్గర్నుంచి కేక. "బాబూ! దొరికింది, రండి!"

పరుగెత్తాం. రాయి పక్కన తడి ఆకు మీద నల్లగా మెరుస్తున్న సన్నటి జీవి. మెలికలు తిరుగుతోంది. ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది. మా వాడు భూతద్దం తీసి చూశాడు. కళ్లున్న చోట పొలుసు కింద నల్లటి చుక్కలు మాత్రమే, రెప్పల్లేవు. తోక చివర చిన్న ముల్లు. ఒళ్లంతా మొదలు నుంచి చివరిదాకా ఒకే సన్నం. బర్కుడియా దీనికంటే లావు, వీపు మీద చుక్కల వరసలుంటాయి. ఇది గుడ్డిపాము, మన పూలకుండీల్లో కూడా దొరికేదే. కుండీల మట్టిలో ప్రయాణించి ప్రపంచంలో ఎన్నో దేశాలకి చేరింది. ఈ పాముని లోకానికి పరిచయం చేసింది కూడా మన విశాఖపట్నమే. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1796లో అచ్చువేసిన పాముల పుస్తకంలో విశాఖ నుంచి దీని బొమ్మ ఉంది. ఇక్కడివాళ్లు చెప్పిన పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు, రెండు తలల పాము అని. ఆ బొమ్మ ఆధారంగానే 1803లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది.

బాబాయ్‌కి ఇదంతా చెబితే, "అంటే ఇది కాదన్నమాట," అని ఆకుతో సహా ఎత్తి నీడలో వదిలేశాడు. పొద్దున పామంటే కొట్టేయడమే అన్నట్టు మాట్లాడిన మనిషి. నాకు ఆ రోజుకి అది చాలనిపించింది.

ఆదివారం

పౌర్ణమి. తెల్లవారుజామునే రేవు నిండా జనం. బోయిత వందన. అరటి డొప్పలతో, రంగు కాగితాలతో చేసిన చిన్న పడవల్లో దీపం, తమలపాకు, వక్క పెట్టి నీళ్లలోకి వదులుతారు. ఒకప్పుడు ఈ తీరం నుంచి బాలి, జావా, సుమత్రాలకి ఓడల మీద వెళ్లిన వర్తకుల జ్ఞాపకం అది. మన దగ్గర పోలి పాడ్యమికి వదిలే అరటి డొప్ప దీపాలు గుర్తొచ్చాయి.

తర్వాత మళ్లీ బర్కుడాకే వెళ్లాం. వేరే దీవులు చూపిస్తానని బాబాయ్ అన్నాడు. దారిలో సంకుడా ఒకటి చూశాం, ఖల్లికోట రాజు కట్టించిన బంగళా శిథిలాలున్నాయి, బ్రేక్‌ఫాస్ట్ దీవి అంటారు. కాసేపు ఆగి బయల్దేరాం. నా మనసంతా ఆ మర్రి కిందే ఉంది.

ఈసారి కొలతలు తీసుకున్నాం. కొలతలంటే పెద్దవేమీ కావు. ఊడ్చిన నేల ఎక్కడ ఆగింది, ఆకుల మెత్త ఎక్కడ మొదలైంది, పొయ్యిలు ఎక్కడెక్కడ ఉన్నాయి అని కాగితం మీద గీసుకున్నాం. గీస్తుంటే తెలిసొచ్చింది. పడవలు ఆగే ఒడ్డు నుంచి నీడ ఉన్న చెట్ల దాకా నడక దారి, ఆ దారి పొడుగునా పొయ్యిలు. మనుషులకి ఏ నీడ కావాలో ఆ జీవికీ అదే నీడ కావాలి. దీవి చిన్నది. ఇలాంటి చెట్లు అందులో కొన్నే.

చిలికకి జరిగిన మంచి నాకు తెలియకపోలేదు. అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపుని 1981లో దేశంలో మొట్టమొదట పొందిన రెండు చోట్లలో ఇదొకటి. మేట వేసి సముద్రపు నీళ్లు సరిగా రాక పాడవుతుంటే 2000లో కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పు నీళ్లు తిరిగి వచ్చాయి, చేపలు పెరిగాయి. అపాయంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలోంచి 2002లో దీన్ని తీసేశారు. అదంతా నీళ్ల కథ. డాల్ఫిన్లు, చేపలు, పక్షులు అన్నీ నీళ్లతో బాగుపడేవే. మట్టిలో ఉండే నలికిరికి ముఖద్వారం ఎంత వెడల్పు తవ్వినా ఒరిగేదేమీ లేదు. దానికి కావలసింది ఎవరూ ఊడ్చని ఒక చెట్టు కింద నేల. అంత తక్కువ ఖర్చుతో అయ్యే పని అని కాబోలు ఎవరి లెక్కలోకీ రాలేదు.

తిరిగి వస్తుంటే గాలి లేచింది. పడవ ఊగుతుంటే మా వాడికి కొంచెం టెన్షన్, బాబాయ్ మాత్రం చుక్కాని పట్టుకుని హాయిగా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. రేపట్నుంచి పిక్నిక్ గిరాకీ మొదలని, సంక్రాంతి దాకా తీరుబాటు ఉండదని అన్నాడు.

సోమవారం

పంచుక అయిపోయిన మర్నాడు ఛాడఖాయి. ఐదు రోజులు ఆగిన జనమంతా చేపల మీద పడతారు. రంభ బజార్లో తెల్లారేసరికే తొక్కిసలాట. బుట్టల్లో మండపీతలు కాళ్లు కట్టేసి, రొయ్యలు కుప్పలు, వెండిలా మెరిసే కనగర్తలు. బాబాయ్ అక్కడే దొరికాడు, పీతలు అమ్ముతూ.

మేం గీసిన కాగితం చూపించాం. మర్రి చెట్ల వైపు పొయ్యిలు పెట్టనివ్వకుండా, వంటలు రాళ్ల వైపు బోడి నేల మీద చేసుకోమని పడవవాళ్లు చెబితే జనం వింటారా అని అడిగాను. ఆయన కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"వంటకి నీడ ఉండాలంటారు బాబూ. తినడానికి నీడకెళ్తే పరవాలేదు గదా? ఆకులు ఊడవొద్దని సెప్పాల, అంతే గదా? మా కుర్రోల్లకి నాను సెప్తాను. సెత్త తిరిగి పడవలో ఎయ్యమంటే మాత్రం పేసెంజర్లు గొడవెట్టుకుంటారు."

అది నిజమే. చెత్తకి గోనెసంచి ఒకటి ప్రతి పడవలో ఉంచితే సగం గొడవ తగ్గుతుందని మా వాడన్నాడు. గోనెసంచులు మేమే కొనిచ్చాం, ఆ బజార్లోనే. బాబాయ్ వాటిని పీతల బుట్ట కింద పెట్టుకున్నాడు.

మాటల్లో నేనే చెప్పాను, బర్కుడియా ప్రజాతిలో ఇంకొకటి కూడా ఉందని, బర్కుడియా మెలనోస్టిక్టా అంటారని, అది మా విశాఖ చుట్టుపక్కలదేనని. 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రవేత్తలు వాల్తేరులో బర్కుడియా దొరికిందని రాశారు. అంతేకాదు, సెప్సోఫిస్ పంక్టేటస్ అనే మరో కాళ్లు లేని నలికిరిని 1870లో బెడ్డోమ్ అనే బ్రిటిష్ అధికారి మన గొలుగొండ కొండల నుంచి వర్ణించాడు. ఆ తర్వాత 130 ఏళ్లకి పైగా ఎవరి కంటా పడక, చివరికి మళ్లీ దొరికింది. ఈ తీరం పొడుగునా, కొండల మట్టిలో, ఇలాంటివి ఉన్నాయి.

బాబాయ్ పీత తూస్తూ తూస్తూ ఆగాడు. "మరి మీ ఊళ్లోనూ ఉందంటన్నారు గదా. అక్కడ మీరేటి సేస్తన్నారు?"

మా కాలనీ వెనక గోడ పొడుగునా పెద్ద పెద్ద చెట్లున్నాయి. వారం వారం ఆకులు ఊడ్చి తగలబెడతారు. ఆ మాటే ఆయనకి చెప్పాను. ఆయన తలాడించి తూకం పూర్తి చేశాడు.

రైలు ఇచ్ఛాపురం దాటాక మా వాడు కాలనీ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. వెనక గోడ వారన మూడడుగుల మేర ఆకులు ఊడవద్దని, తగలబెట్టొద్దని, ఎందుకో కూడా వివరంగా రాశాడు. వెంటనే మొదటి జవాబు: పాములొస్తే ఎవరిది బాధ్యత? రెండోది: దోమలు. సోంపేట దగ్గర ఒక రిటైర్డు టీచరమ్మ, ఆ ఆకులు కుళ్లితే తన మొక్కలకి ఎరువవుతాయని, తాను చూసుకుంటానని రాశారు. పలాస వచ్చేసరికి సెక్రటరీ ఒప్పుకున్నారు, గేటు వైపు మాత్రం ఊడ్చి తీరాలనే షరతు మీద. మూడడుగులు కాస్తా రెండడుగులు అయింది. ఎక్కడిదాకా అన్నది ఆదివారం అందరం కలిసి ముగ్గుపిండితో గీత గీసుకోవాలి.